ఫ్యాక్టరీ అడిగేది వేడి, మనం లెక్కపెట్టేది కరెంటు

"మా సంస్థ 100 శాతం పునరుత్పాదక విద్యుత్తునే వాడుతోంది." పెద్ద కంపెనీల వార్షిక నివేదికల్లో ఈ మాట ఇప్పుడు మామూలైపోయింది. చాలాసార్లు అందులో అబద్ధమూ ఉండదు. అయినా అదే కంపెనీ ప్లాంటు వెనక వైపుకి వెళ్లి చూస్తే బాయిలర్ చిమ్నీ నిక్షేపంగా పొగ వదులుతూనే ఉంటుంది. ఈ రెండూ ఒకేసారి నిజం కావడంలో వింతేమీ లేదు. మాటిచ్చింది కరెంటు గురించి మాత్రమే. పరిశ్రమలు వాడుకునే శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడి రూపంలోనే ఖర్చవుతోంది. ఆరబెట్టడానికి, ఉడికించడానికి, కరిగించడానికి, కాల్చడానికి. ఆ వేడిలో ఎక్కువ భాగం ఇవాళ్టికీ బొగ్గో, గ్యాసో, చమురో మండిస్తేనే వస్తోంది.

ఎనర్జీ ఆడిట్ల పని మీద ఫ్యాక్టరీలు తిరుగుతుంటాను. తీరిక దొరికినప్పుడు ఈ విషయం మీద వచ్చే పరిశోధన పత్రాలు చదువుతుంటాను. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం చాలాకాలంగా నాకు చిరాకు తెప్పిస్తోంది. పరిశ్రమల్లో పునరుత్పాదక శక్తి గురించి వెతికితే పేపర్లు కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో చాలావాటికి ఉన్న ప్రశ్న ఒక్కటే: ఎంత శాతం? అడగాల్సిన ప్రశ్నల్లో అదే అన్నిటికంటే తేలికైనది, అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది అని నా వాదన. ఏ గంటలో, ఎన్ని డిగ్రీల దగ్గర అని అడిగినప్పుడే ఆ ఫ్యాక్టరీ నిజంగా మారుతోందో లేదో తెలుస్తుంది. గత కొన్నేళ్లుగా మంచి పరిశోధన ఆ వైపే మళ్లుతోంది. మిగతాది పాత గాడిలోనే నడుస్తోంది.

పాత గాడి ఎలా ఉంటుందో ముందు చెప్పేస్తాను, అక్కడ ఎక్కువసేపు ఉండను. ఒక ప్రశ్నావళి తయారవుతుంది. కొన్ని వందల కంపెనీల మేనేజర్లకు వెళ్తుంది. "సౌరశక్తి మా సంస్థకు లాభదాయకమని నేను నమ్ముతున్నాను" లాంటి వాక్యాలకు 1 నుంచి 5 దాకా మార్కులు వేయమంటారు. వెనక ఉండే సిద్ధాంతాలు కూడా పెద్దగా మారవు. ఎవరెట్ రోజర్స్ 1962లో చెప్పిన నవకల్పనల వ్యాప్తి సిద్ధాంతం, సంస్థలు కొత్త సాంకేతికతను ఎలా చేపడతాయో చెబుతూ టొర్నాట్‌స్కీ, ఫ్లైషర్ 1990లో ఇచ్చిన చట్రం, ఐజెన్ 1991లో వివరించిన ప్రవర్తన సిద్ధాంతం. చివరికి తేలేది కూడా ఎప్పుడూ ఇంచుమించు ఇదే: పెట్టుబడి ఖర్చు అడ్డం వస్తోంది, యాజమాన్యం అండ ఉంటే పని జరుగుతుంది, ప్రభుత్వ విధానం నిలకడగా ఉండాలి. ఇందులో తప్పేమీ లేదు. కొత్తా ఏమీ లేదు.

నా అభ్యంతరం ఇంకొకటుంది. ఇవి కొలిచేది ఉద్దేశాన్ని, వాడకాన్ని కాదు. ఆ ఫారం నింపేది ఆఫీసులో కూర్చున్న మనిషి. రాత్రి షిఫ్టులో స్టీమ్ ప్రెషర్ పడిపోతే తిట్లు తినేది బాయిలర్ ఆపరేటర్. ఆయన్ని కూర్చోబెట్టి అడిగిన సర్వే ఒక్కటీ నాకు కనబడలేదు. కొత్త యంత్రం మీద నమ్మకం అనేది ఉంటే గింటే ముందు ఆయనకు కుదరాలి. మేనేజరు 5కి 4 వేసినంత మాత్రాన కుదరదు.

ఇక కంపెనీలు ప్రకటించుకునే శాతాల సంగతి. 2014లో క్లైమేట్ గ్రూప్, సీడీపీ అనే రెండు లాభాపేక్షలేని సంస్థలు కలిసి ఆర్‌ఈ100 అనే వేదికను మొదలుపెట్టాయి. తమకు కావాల్సిన కరెంటంతా పునరుత్పాదక వనరుల నుంచే తెచ్చుకుంటామని మాటిచ్చిన కంపెనీలు అందులో ఇప్పుడు 400 పైచిలుకు ఉన్నాయి. 2015లో కార్బన్ లెక్కల ప్రమాణం, అంటే గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్, కొన్న కరెంటుకి సంబంధించిన ఉద్గారాలను రెండు రకాలుగా చూపించమంది. ఒకటి, మీరున్న చోట గ్రిడ్ సగటు ఎంత మురికిగా ఉందో దాన్నిబట్టి. రెండోది, మీరు కొన్న ఒప్పందాలు, సర్టిఫికెట్లనుబట్టి. నివేదిక మొదటి పేజీకి ఎక్కేది ఏ లెక్కో వేరే చెప్పక్కర్లేదు.

ఈ రెండో లెక్కను గట్టిగా పట్టుకున్న పేపరు 2022లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చింది. ఆండర్స్ బ్యోర్న్, ఆయన సహచరులు వాతావరణ శాస్త్రం చెప్పే మేరకు ఉద్గారాలు తగ్గించుకుంటామని లక్ష్యాలు పెట్టుకున్న 115 కంపెనీలను తీసుకుని చూశారు. 2015 నుంచి 2019 మధ్య కరెంటు తాలూకు ఉద్గారాలు 31 శాతం తగ్గాయని ఆ కంపెనీలన్నీ కలిపి చెప్పుకున్నాయి. సర్టిఫికెట్లను పక్కన పెట్టి లెక్క కడితే తగ్గింది 10 శాతం. మిగతా తగ్గుదల కాగితం మీదిది. ఎక్కడో ఎప్పుడో కట్టేసిన జలవిద్యుత్ కేంద్రమో, గాలిమరల క్షేత్రమో ఎలాగూ ఉత్పత్తి చేసే యూనిట్లకు సర్టిఫికెట్ అనే ఒక చీటీ పుడుతుంది. ఆ చీటీని చవగ్గా కొనుక్కుంటే మీ లెక్కలో ఉద్గారాలు సున్నా. కొత్తగా ఒక్క ప్యానెల్ కూడా నిలబడక్కర్లేదు.

గంట లెక్క పుట్టింది ఇక్కడే. గూగుల్ 2017లో తన వార్షిక వాడకానికి సమానంగా పునరుత్పాదక విద్యుత్తు కొన్నానని ప్రకటించింది. ఆ తర్వాత తన డేటా సెంటర్ల వాడకాన్ని గంట గంటకూ విడదీసి చూసుకుంది. మధ్యాహ్నం మిగులు, రాత్రికి కొరత. ఏడాది మొత్తం కూడితే సరిపోయినట్టు కనబడేది రోజు విప్పి చూస్తే సరిపోవట్లేదు. 2020లో లక్ష్యాన్నే మార్చుకుంది: 2030 కల్లా ప్రతి గంటా, ప్రతి చోటా కర్బన రహిత కరెంటే ఉండాలని. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జెస్సీ జెంకిన్స్ బృందం, బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో టామ్ బ్రౌన్, ఇయెగోర్ రీపిన్ దీన్ని గ్రిడ్ నమూనాల్లో పెట్టి పరీక్షించారు. గంట చొప్పున సరిపోల్చుకునే కొనుగోలుదారుల వల్ల గ్రిడ్ ఉద్గారాలు నిజంగా తగ్గుతాయని, బ్యాటరీల లాంటివాటికి ముందుగానే మార్కెట్ దొరుకుతుందని తేల్చారు. ఆ చివరి కొద్ది శాతం మాత్రం చాలా ఖరీదని కూడా తేల్చారు.

దీనికి వ్యతిరేక శిబిరం ఒకటుంది, దాని వాదనా తీసిపారేసేది కాదు. అమెజాన్, మెటా లాంటి సంస్థలు 2022 చివర్లో వేరే కూటమి కట్టాయి. మన ఫ్యాక్టరీ గంటల గొడవ ఎందుకు, బొగ్గు ఎక్కువగా మండే గ్రిడ్‌లో సోలార్ ప్లాంటు పెట్టిస్తే అదే డబ్బుకి ఎక్కువ కార్బన్ తగ్గుతుంది కదా అంటాయి. ఆఫీసులూ సర్వర్లూ నడిపేవాళ్ల వరకు దీన్ని నేను కొంత ఒప్పుకుంటాను. ఉక్కు, రసాయనాలు, సిమెంటు చేసేవాళ్లకు మాత్రం గంట అనేది నైతిక ప్రశ్న కాదు, ఇంజనీరింగ్ ప్రశ్న. కరెంటు లేని గంటలో కొలిమి ఏం చేయాలో ఎక్కడో దూరాన కట్టిన సోలార్ ప్లాంటు చెప్పదు.

హైడ్రోజన్ విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నీటిని విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. బొగ్గు కేంద్రం నుంచి వచ్చే ఒక్కో యూనిట్ వెనక దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే నీటిని విడగొట్టే యంత్రాన్ని, ఎలక్ట్రోలైజర్‌ను, రాత్రి బొగ్గు కరెంటుతో నడిపితే అది కిలో హైడ్రోజన్‌కు 50 కిలోల దాకా వదిలిస్తుంది. సహజవాయువు నుంచి పాత పద్ధతిలో తీస్తే సుమారు 10 కిలోలే. పగలు కొన్న సౌర విద్యుత్ చీటీ చూపించి రాత్రంతా గ్రిడ్ మీద నడిపితే ఆ హరిత హైడ్రోజన్ పాతదానికంటే మురికి. రిక్స్, షూ, జెంకిన్స్ 2023లో అమెరికా గ్రిడ్ మీద చేసిన అధ్యయనం ఈ ప్రమాదాన్నే చూపించింది. యూరోపియన్ యూనియన్ అదే ఏడాది నిబంధన తెచ్చింది: 2029 చివరి దాకా నెల చొప్పున, 2030 నుంచి గంట చొప్పున సరిపోల్చాలి. హైడ్రోజన్‌కు అమెరికా ఇచ్చే పన్ను రాయితీ తుది నిబంధనలు 2025 జనవరిలో వచ్చాయి, వాటిలోనూ గంట లెక్క 2030 నుంచే. ఒక పరిశోధన ధోరణి ఇంత తొందరగా చట్టంలోకి రావడం ఈ రంగంలో అరుదు. 2025లో గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ కూడా గంట చొప్పున సరిపోల్చే ముసాయిదాను అభిప్రాయాల కోసం బయటపెట్టింది.

ఇప్పుడు డిగ్రీల సంగతికి వద్దాం. నా ఉద్దేశంలో అసలు కథ ఇదే.

బట్టకు రంగులద్దే ఒక యూనిట్‌ను దగ్గర నుంచి చూద్దాం. బాయిలర్ హౌస్‌లో 7 బార్ ప్రెషర్ మీద స్టీమ్ తయారవుతుంది, అంటే సుమారు 170 డిగ్రీలు. అది పొడవాటి పైపుల్లో ప్రయాణం చేస్తుంది. దారిలో పైపుల్ని కలిపే ఫ్లాంజ్‌ల దగ్గర ఇన్సులేషన్ ఊడిపోయి ఉంటుంది, చల్లారిన నీటిని మాత్రమే బయటికి వదలాల్సిన స్టీమ్ ట్రాప్‌లు కొన్ని తెరుచుకుపోయి బుస్సుమంటూ ఉంటాయి. చివరికి ఆ స్టీమ్ చేసే పనల్లా రంగు తొట్టిలో నీళ్లను 60 నుంచి 80 డిగ్రీలకు తేవడం. పని అయ్యాక ఇంకా పొగలు కక్కుతున్న నీళ్లు నేరుగా కాలవలోకి. 1,000 డిగ్రీలు దాటిన మంటతో 170 డిగ్రీల ఆవిరి చేసి, దాంతో 70 డిగ్రీల నీళ్లు కాచి, 50 డిగ్రీల నీళ్లు పారబోయడం అన్నమాట. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్టే. కానీ ఒకే పైపులైనుతో ఇస్త్రీ నుంచి ఆరబెట్టడం దాకా అన్ని పనులూ జరుగుతాయి కాబట్టి దశాబ్దాలుగా ఎవరూ దాన్ని కదపలేదు.

ఆ కాలవలోకి పోయే నీళ్ల వేడిని పట్టుకుని, ఫ్రిజ్ లాగా వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తోడే హీట్ పంప్‌తో 80 డిగ్రీలకు ఎత్తితే ఒక యూనిట్ కరెంటుకి దాదాపు 4 యూనిట్ల వేడి వస్తుంది. 60 డిగ్రీల నుంచి 160కి ఎత్తమంటే అదే యూనిట్‌కి వచ్చేది రెండో, రెండున్నరో. ఎత్తు పెరిగిన కొద్దీ లాభం తగ్గుతుంది, భౌతికశాస్త్రం ఇక్కడ బేరాలాడదు. అందుకే హీట్ పంప్ పరిశోధన ఇప్పుడు రెండు దారుల్లో పోతోంది. ఒకటి యంత్రాన్ని 200 డిగ్రీల దాకా తీసుకెళ్లడం, దానికి తగ్గ ద్రవాలు, కంప్రెసర్లు వెతకడం. రెండోది ఫ్యాక్టరీనే తిరగరాయడం. ఏ పనికి నిజంగా ఎన్ని డిగ్రీలు కావాలో కొలిచి, 80 సరిపోయే చోట 170 పంపడం ఆపేయడం. పత్రికల్లో మొదటిదానికే పేరొస్తుంది. నేను చూసిన ఫ్యాక్టరీల్లో లాభం ఎక్కువగా రెండోదాంట్లో ఉంది.

సాంకేతికంగా ఎంతవరకు సాధ్యం అన్న ప్రశ్నకు 2020లోనే మంచి జవాబు వచ్చింది. సిల్వియా మదెద్దు బృందం యూరప్ పరిశ్రమల్లో 11 రంగాలను తీసుకుని, అప్పటికే అందుబాటులో ఉన్న సాంకేతికతతో వాటి శక్తి అవసరంలో 78 శాతాన్ని కరెంటు మీదికి మార్చొచ్చని చూపింది. ప్రయోగ దశలో ఉన్నవి కూడా కలుపుకుంటే 99 శాతం. అప్పటికీ ఇప్పటికీ జరిగిన మార్పు చూస్తే ఆ 78 ముందు చాలా చిన్నది. కాబట్టి అడ్డం సాంకేతికత కాదు. మరేమిటి?

మొదటిది ధరల నిష్పత్తి. హీట్ పంప్ 4 రెట్లు వేడి ఇస్తుంటే, గ్యాస్ ధరకు దాదాపు నాలుగున్నర రెట్లు కరెంటు ధర ఉన్నా సరిపోతుంది, ఎందుకంటే బాయిలర్ కూడా పదో వంతు పారేస్తుంది. రెండు రెట్లే ఇస్తే ఆ హద్దు రెండు పై చిలుకు దగ్గరే ఆగిపోతుంది. కరెంటు మీద పన్నులూ సుంకాలూ మోపి, గ్యాస్‌ను తేలిగ్గా వదిలేసిన చోట ఏ ఇంజనీరు ఏం చేసినా పేబ్యాక్ కుదరదు. ఫ్యాక్టరీ యజమాని రెండు మూడేళ్లలో డబ్బు తిరిగి రావాలంటాడు, ఆయన ఆశ అంతకు మించదు. 20 ఏళ్లు నడిచే యంత్రాన్ని మూడేళ్ల కళ్లద్దాలతో చూస్తే ఏదీ నచ్చదు.

రెండోది నన్ను ఎక్కువగా కుదిపిన విషయం: టారిఫ్. జర్మనీలో ఒక నిబంధన ఉంది. ఏడాదికి 10 గిగావాట్ అవర్లకు మించి వాడుతూ, ఏడాది వాడకాన్ని గరిష్ఠ లోడుతో భాగిస్తే కనీసం 7,000 గంటలు వచ్చేంత నిలకడగా వాడే ఫ్యాక్టరీకి గ్రిడ్ ఛార్జీల్లో భారీ తగ్గింపు దొరుకుతుంది. 7,000 గంటలకు 80 శాతం దాకా, 8,000 దాటితే 90 శాతం దాకా. ఏడాదికి ఉన్నవే 8,760 గంటలు. బొగ్గు, అణు కేంద్రాలు రాత్రింబవళ్లు ఒకే తీరుగా నడిచిన రోజుల్లో ఇది సబబే, నిలకడగా తీసుకునేవాడు గ్రిడ్‌కు మేలు చేసినట్టే. ఇప్పుడు ఎండ మండుతున్న మధ్యాహ్నం కరెంటు ధర సున్నాకి, ఒక్కోసారి సున్నాకి కిందకి కూడా పడిపోతోంది. ఆ గంటలో ఎక్కువ తీసుకుని చీకటి పడ్డాక తగ్గించుకుందామని ఒక ఫ్యాక్టరీ అనుకుంటే, దాని గరిష్ఠ లోడు పెరిగి 7,000 గంటల లెక్క తప్పి రాయితీ మొత్తం పోతుంది. ఎండను వాడుకున్నందుకు జరిమానా. ఈ నిబంధనను మార్చాలని 2024లో అక్కడి నియంత్రణ సంస్థే ప్రతిపాదన పెట్టింది. జర్మనీ పేరు చెప్పానుగానీ, గరిష్ఠ డిమాండు మీద బిల్లు వేసే ప్రతి చోటా దీని చిన్నా పెద్దా రూపాలు ఉంటాయి. వందల ప్రశ్నావళుల్లో "ప్రభుత్వ విధానం" అని ఒక గడి ఉంటుంది చూశారా, ఆ గడి లోపల ఉన్నది ఇలాంటి ఒక్క పేరా.

గంటకూ డిగ్రీకీ పెళ్లి చేసే పరిశోధన కూడా ఇక్కడి నుంచే వస్తోంది: వేడిని దాచుకోవడం. చవగ్గా కరెంటు దొరికే గంటల్లో ఇటుకలను ఎర్రగా కాల్చి పెట్టుకుని, వాటి మీదుగా గాలి పంపి రోజంతా స్టీమ్ చేసుకోవడం. వినడానికి కొత్తగా ఉన్నా ఇటుకలో వేడి దాచడం ఉక్కు పరిశ్రమకు పాత విద్యే. ఎడ్వర్డ్ కౌపర్ 1857లో పేటెంట్ తీసుకున్న స్టవ్‌లు ఇప్పటికీ బ్లాస్ట్ ఫర్నేసుల పక్కన అదే పని చేస్తున్నాయి. రోండో అనే కంపెనీ అదే రకం ఇటుకలను కరెంటుతో కాల్చి 2023లో కాలిఫోర్నియాలో ఒక ఇథనాల్ ప్లాంటుకు వేడి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంకో దారిలో కార్బన్ దిమ్మెలను తెల్లగా మెరిసేదాకా వేడి చేసి, ఆ వెలుగు నుంచి మళ్లీ కరెంటు తీసే సెల్స్ మీద పని జరుగుతోంది. వాటి సామర్థ్యం 40 శాతం దాటిందని 2022లో ఎంఐటీ, అమెరికా పునరుత్పాదక శక్తి ప్రయోగశాల ఎన్‌ఆర్‌ఈఎల్ పరిశోధకులు ప్రకటించారు. సోలార్ అద్దాలతో నేరుగా ఆవిరి చేసే పద్ధతికి వస్తే, ప్రపంచంలో అతి పెద్దవాటిలో ఒకటైన మిరా ప్లాంటు ఒమన్‌లో ఉంది. ఆ ఆవిరితో ఏం చేస్తున్నారంటారా? భూమిలోంచి చిక్కటి చమురు తీస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలీదు.

సౌర విద్యుత్తు ధర గురించి అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ఖర్చు ఇంత శాతం తగ్గుతుందని థియోడర్ రైట్ 1936లో విమానాల తయారీ చూసి చెప్పిన సూత్రం ప్యానెళ్లకు అచ్చు గుద్దినట్టు సరిపోయింది. 2010ల దశకంలో వాటి ధర దాదాపు 90 శాతం పడింది. ఇందులో పెద్దగా పట్టించుకోని సగం ఇంకొకటి ఉంది. లియోన్ హిర్త్ 2013లో చూపించిన లెక్క ప్రకారం గ్రిడ్‌లో గాలి విద్యుత్తు వాటా సున్నా నుంచి 30 శాతానికి పెరిగేసరికి దాని యూనిట్ విలువ మార్కెట్ సగటుకి 110 శాతం నుంచి 50-80 శాతానికి పడిపోతుంది. అందరి మరలూ ఒకేసారి తిరిగితే ఆ గంటలో కొనేవాడు ఉండడు మరి. తన పనిని గంట అటూ ఇటూ జరుపుకోగల ఫ్యాక్టరీయే ఆ కొనేవాడు కాగలడు. పునరుత్పాదక శక్తి ఫ్యాక్టరీని ఆదుకోవడం గురించి బోలెడు రాస్తారు. ఫ్యాక్టరీ పునరుత్పాదక శక్తిని ఆదుకోవడం గురించి రాసేవాళ్లు ఈ మధ్యే పెరుగుతున్నారు.

అల్యూమినియం దీనికి ముచ్చటైన ఉదాహరణ. టన్ను లోహానికి 13 నుంచి 15 మెగావాట్ అవర్ల కరెంటు మింగే పరిశ్రమ అది. సుమారు 960 డిగ్రీల ద్రవం ఉన్న కుండీలు వరసగా వందల్లో ఉంటాయి. కొన్ని గంటల పాటు కరెంటు పోతే లోపలిదంతా గడ్డకట్టి, సమ్మెటలతో పగలగొట్టి తీయాల్సి వస్తుంది. అందుకే ఈ పరిశ్రమలో లోడు తగ్గించడం అంటేనే టెన్షన్. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఒక పద్ధతి కుండీ గోడలకు బయట ఉష్ణ వినిమయ గొట్టాలు తొడిగి, కరెంటు ఎక్కువైనప్పుడు వేడిని లాగేసి, తక్కువైనప్పుడు లోపలే పట్టి ఉంచుతుంది. జర్మనీలో ఎస్సెన్ దగ్గర ట్రైమెట్ ప్లాంటులో దీంతో లోడును దాదాపు 25 శాతం పైకీ కిందికీ ఆడించగలిగేలా ఏర్పాటు చేశారు. కొత్త లోహం లేదు, కొత్త రసాయనం లేదు. గోడకు గొట్టాలు. నాకు ఇలాంటి పరిశోధన ఇష్టం.

ఉక్కు దగ్గర మాత్రం గొట్టాలతో పని జరగదు. బొగ్గుకు బదులు హైడ్రోజన్‌తో ఇనుప ఖనిజాన్ని శుద్ధి చేసి, విద్యుత్ కొలిమిలో కరిగిస్తే టన్ను ఉక్కుకు మొత్తం సుమారు 3.5 మెగావాట్ అవర్లు కావాలని ఫోగల్, ఓమన్, నిల్సన్ 2018లో లెక్క కట్టారు. ఏడాదికి 10 లక్షల టన్నుల ప్లాంటు అనుకుంటే సగటున 400 మెగావాట్లు, రాత్రీ పగలూ. పరిశ్రమ కొలతల్లో 10 లక్షల టన్నులు పెద్ద ప్లాంటేమీ కాదు. స్వీడన్‌లో హైబ్రిట్ ప్రాజెక్టు 2021లో హైడ్రోజన్‌తో తన మొదటి స్పాంజ్ ఐరన్‌ను, అంటే కొలిమిలో కరిగించడానికి సిద్ధమైన ఇనుమును, చేసి చూపించింది, లూలియోలో కొండ లోపల గది తొలిచి హైడ్రోజన్ దాచే ప్రయోగమూ చేసింది. ఆ దాచే ప్రయోగానికి రావాల్సినంత పేరు రాలేదని నా అభిప్రాయం. గాలి ఉన్నప్పుడు గ్యాస్ చేసి పెట్టుకునే చోటు ఉంటేనే కొలిమి నిరంతరం నడుస్తుంది. మరోవైపు 2025 జూన్‌లో ఉక్కు కంపెనీ ఆర్సెలార్‌మిట్టల్ జర్మనీలో బ్రేమెన్, ఐసెన్‌హ్యూటెన్‌స్టాట్ ప్లాంట్లను ఈ దారికి మార్చే పనిని రద్దు చేసుకుంది. 130 కోట్ల యూరోల ప్రభుత్వ సహాయం చేతికి అందుతున్నా వద్దంది. కరెంటు ఖరీదు, మార్కెట్ పరిస్థితి అని కారణం చెప్పింది. కట్టడానికి డబ్బిచ్చేవాళ్లు దొరికారు, నడపడానికి చవక కరెంటు దొరకలేదు.

సిమెంటు గురించి ఒక్క మాట. అక్కడ వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 60 శాతం సున్నపురాయిలోంచే వస్తుంది, ఇంధనంలోంచి కాదు. కొలిమిని పూర్తిగా సౌరశక్తితో వేడి చేసినా ఆ రాయి తన కార్బన్‌ను వదులుతుంది. నార్వేలో బ్రేవిక్ దగ్గర 2025లో మొదలైన ప్లాంటు అందుకే పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి దాచే దారి ఎంచుకుంది, ఏడాదికి 4 లక్షల టన్నులు. సిమెంటు కంపెనీ "100 శాతం పునరుత్పాదక విద్యుత్తు" అన్నప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న ఇంకెక్కడో ఉంది.

హరిత అమ్మోనియా కొత్త ఆవిష్కరణ అన్నట్టు రాసే పేపర్లు చూస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది. నార్వేలో ర్యూకాన్ దగ్గర 1920ల చివర్లోనే జలపాతం కరెంటుతో నీటిని విడగొట్టి ఎరువులకు కావాల్సిన అమ్మోనియా కోసం హైడ్రోజన్ తీశారు. సాంకేతికత ఓడిపోలేదు, గ్యాస్ చవకై దాన్ని పక్కకు నెట్టింది. అంటే, ఒకసారి వచ్చిన పునరుత్పాదక పద్ధతి వెనక్కి కూడా పోగలదు. వ్యాప్తి సిద్ధాంతాలన్నీ గీసే ఎస్ ఆకారపు గీత పైకే పోతుంది. కిందికి దిగిన కథల మీద పరిశోధన వెతికితే దొరికేది గుప్పెడు.

ఇప్పుడు నాకు కనబడే పెద్ద వెలితి చెబుతాను. పైలట్ ప్రాజెక్టు ప్రారంభం అయినప్పుడు పేపరు వస్తుంది. రెండేళ్ల తర్వాత అది ఎన్ని గంటలు నడిచింది, ఎన్నిసార్లు ఆగింది, ఆగినప్పుడు పాత బాయిలర్ ఎన్ని రోజులు ఆదుకుంది అన్న పేపరు రాదు. కంపెనీ ఆ వివరాలు ఇవ్వదు, పత్రికలకూ అంత ఆసక్తి ఉండదు. పక్క ఫ్యాక్టరీ యజమానికి కావాల్సింది సరిగ్గా అవే. పైగా ఈ పరిశోధనంతా ఉక్కు, సిమెంటు, రసాయనాల దిగ్గజాల చుట్టూ తిరుగుతుంది. 200 డిగ్రీల లోపు వేడితో బతికే చిన్న యూనిట్లకు పనికొచ్చే యంత్రాలు ఇవాళే అమ్మకానికి ఉన్నాయి, వాటి మీద రాసేవాళ్లే తక్కువ.

చిన్న యూనిట్‌లో నిర్ణయం ఎప్పుడు జరుగుతుందో గమనిస్తే ప్రశ్నావళి ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. ప్రశాంతంగా కూర్చుని లాభనష్టాలు బేరీజు వేసే రోజు అక్కడ రాదు. నిర్ణయం బాయిలర్ ట్యూబు పగిలిన రోజున జరుగుతుంది. ఆర్డర్లు ఆగిపోయి ఉంటాయి, కూలీలు ఖాళీగా నిలబడి ఉంటారు. హీట్ పంప్ పెట్టాలంటే ముందు వేడి లెక్కలు తీయాలి, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచమని దరఖాస్తు పెట్టుకోవాలి, యంత్రం తయారై రావాలి. నెలల పని. డీలరు దగ్గర అదే సైజు బాయిలర్ స్టాకులో ఉంటుంది, వారంలో బిగించేస్తాడు. యజమాని ఏది కొంటాడో చెప్పడానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు. బాయిలర్ పగలక ముందే ఆ లెక్కలు తీసి, లోడు అనుమతి తెచ్చి ఫైల్లో పెట్టుకున్న యూనిట్లు ఏవైనా ఉన్నాయా, ఉంటే వాటిలో ఎన్ని ఆ రోజున వేరే దారి పట్టాయి అన్న అధ్యయనం ఎవరైనా చేస్తే నేను మొదటి పేజీ నుంచి చివరి పట్టిక దాకా చదువుతాను. ఆ వారంలో బిగించిన కొత్త బాయిలర్ ఇంకో 20 ఏళ్లు ఉంటుంది.